బండ అంచుకు అవతలి సలేశ్వరం

మూడేళ్ల కిందట ఈ పత్రికలోనే సలేశ్వరం యాత్ర గురించి రాశాను. గద్వాలలో బస్సెక్కింది మొదలు నల్లమల లోయలో బండ అంచు దాకా అందులో రాసినదంతా నిజం. అంచు దాటాక రాసిన జలపాతం, గుండం, గుహ మాత్రం నేను చూసినవి కావు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పుకుంటే విని, నా కళ్లతో చూసినట్టు రాశాను. 'మా బావమరిది భయపడి సగం దారిలో కూర్చుండిపోతే నేనొక్కణ్ణే దిగి వచ్చాను' అన్న వాక్యం ఒట్టి అబద్ధం. అంచు దగ్గర కాళ్లు చచ్చుబడి కూర్చుండిపోయింది నేను. మా బావమరిది నర్సింలు తానూ దర్శనం చేసుకోకుండానే, నా భుజం కింద చెయ్యి వేసి నన్ను మళ్లీ పైకి ఎక్కించాడు.

ఆ అబద్ధం మొదట్లో అంత పెద్దది కాదు. జాతర నుంచి ఇంటికి రాగానే మా ఆవిడ పద్మ "దర్శనం మంచిగైందా?" అని అడిగింది. "ఏడ అయితది, నీ తమ్ముని కాళ్లు బతుకమ్మ ఆడినయి" అన్నాను. నర్సింలు పక్కనే ఉన్నాడు. నవ్వాడు. మా వైపు బావ బామ్మర్దిని ఎంత వెక్కిరించినా చెల్లుతుంది. బామ్మర్ది నవ్వి ఊరుకోవాలి, అక్క ముందు బావను తక్కువ చేయకూడదు. ఆ చనువు ఇంటి గడప లోపల ఉండాల్సింది. దాన్ని నేను అచ్చులోకి ఎక్కించాను. ఆ పత్రిక నర్సింలు ఊరు కోడేరులో చాయ్ హోటల్లో చేతులు మారింది. అప్పట్నుంచి నర్సింలుకు ఊళ్లో 'సగం సలేశ్వరం' అని పేరు పడింది.

నాకు గద్వాలలో మోటార్లు చుట్టే దుకాణం ఉంది. బోరు మోటారు కాలిపోతే రైతులు తెస్తారు, పాత తీగ విప్పి కొత్త తీగ చుట్టి ఇస్తాను. కోడేరు నుంచి ఎంత దూరమైనా నర్సింలు తన మోటారు నా దగ్గరికే తెచ్చేవాడు. పోయిన ఎండాకాలం అతని మోటారు కాలితే నాగర్‌కర్నూల్‌లో చుట్టించుకున్నాడని తెలిసింది. ఎవరికీ ఏమీ అనలేదు, నాతో తగవు పడలేదు. మోటారు మాత్రం తేలేదు. ఆ రాత్రి పద్మకు ఉన్నదంతా చెప్పాను. ఆమె అంతా విన్నది. తర్వాత "నాకు చెప్తే ఏమొస్తది? ఆనికి చెప్పు. రాసిన చేత్తోనే మల్ల రాయి" అంది.

రాయాలంటే ముందు చూడాలి. అందుకే ఈ ప్రయాణం.

నల్లమల అడవి లోయలో లింగమయ్య గుహ ఉన్న సలేశ్వరానికి ఎప్పుడు పడితే అప్పుడు పోలేం. చైత్ర పున్నమికి అటూ ఇటూ కొన్ని రోజులే అడవిలోకి దారి వదులుతారు. ఈ ఏడు పున్నమికి రెండు రోజుల ముందు, ఉదయం ఆరు గంటలకు గద్వాలలో వనపర్తి బస్సెక్కాను. చేతిసంచిలో రెండు జతల బట్టలు, టార్చిలైటు, పద్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ పొడి. బస్సు జూరాల మీదుగా పోయింది. గేట్లన్నీ మూసి ఉన్నాయి. డ్యాం కింద కృష్ణ ఎండి, నది అడుగున ఏనుగుల మంద పడుకున్నట్టు నల్లబండలు బయటపడ్డాయి. వాటి మధ్య అక్కడక్కడ మడుగులు, మడుగుల్లో కొంగలు.

ఆత్మకూరులో ఒక పెద్దాయన గాజుల పెట్టె ఎత్తుకొని ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. పేరు ఖాజా మియా. ఆయనా జాతరకే.

"ఇరవై యేండ్ల సంది పోతున్న బేటా. అడవిల రాంపురం పెంట కాడ దుకాణం పెడ్త. చెంచు ఆడోళ్లు, జాతరకొచ్చిన ఆడోళ్లు, గాజులు కొనేటోళ్లకేం కమ్మి లేదు" అన్నాడు.

"అయితే సలేశ్వరం ఇరవై సార్లు చూసిన్రన్నమాట."

"ఒక్కపారి గూడ చూడలే. ఆ లోయల దిగాల్నంటె నాకు పానం ఒప్పది. పైనుంచే దండం పెడ్త. దిగినోళ్లు వచ్చి చెప్తరు, నేను వింట."

"ఊళ్లె అడిగితె ఏం చెప్తరు?"

"ఏం చెప్తరేంది? చూడలే అని చెప్త. చూడలే అంటె ఏం పోతది?"

ఆయన తమాషాకు అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి చాలాసేపు కోతకొచ్చిన వరి మళ్లు చూస్తూ కూర్చున్నాను.

వనపర్తి చేరేసరికి ఎండ ముదిరింది. ఖాజా మియా నేరుగా నాగర్‌కర్నూల్ బస్సు పట్టుకున్నాడు. నేను ఇడ్లీ తిని, గోపాల్‌పేట మీదుగా కోడేరు పోయే బస్సు కోసం గంటకు పైగా ఆగాను. అటు వైపు బస్సులు తక్కువ. ఈ దారిలో వచ్చేవాళ్లు వనపర్తిలోనే తిని, నీళ్లు నింపుకోవడం మంచిది.

కోడేరులో నర్సింలు ఇంటి ముందు చింతకాయలు కొడుతూ కూర్చున్నాడు. భార్య మాణెమ్మ గింజలు తీస్తోంది. నన్ను చూసి ఇద్దరూ లేచారు. మర్యాదకు ఏ లోటూ చేయలేదు. మంచం వాల్చారు, నీళ్లిచ్చారు.

"ఏం బావా, చెప్పాపెట్టకుంట వస్తివి? అక్క మంచిగుందా?"

"మంచిగనే ఉంది. సలేశ్వరం పోతున్న. నిన్ను తోల్కపోదామని వచ్చిన."

నర్సింలు మళ్లీ చింతకాయ అందుకున్నాడు. "నువ్వు చూసినవు కద బావా. మల్లెందుకు?" అన్నాడు. మాటలో వెటకారం లేదు. అది ఉంటే నాకు తేలికగా ఉండేది.

"చూడలేదని నీకు తెల్సు. నువ్వు రాకుంటె ఇప్పుడు గూడ చూడలేను. చూసొచ్చి, అప్పుడు రాసింది అబద్ధమని రాస్త."

"నేనేమన్న అడిగిన్నా?"

"అడగలే. అందుకే వచ్చిన."

మాణెమ్మ చేతిలోని చేట దులిపి, "పోరాదు మరి. మూడేండ్ల సంది సగం సగం అని చెవులు తూట్లు వొడ్తున్నయి. జర ఆ మిగిలిన సగం గూడ చూసొస్తె పీడ వోతది. అన్నా, ఈసారి గూడ తిరిగొచ్చేటట్లుంటె ఇటు రాకున్రి, గట్లనే గద్వాల పోన్రి" అంది.

నర్సింలు నవ్వు ఆపుకోలేకపోయాడు. లేచి లోపలికి పోయి అంగీ వేసుకొని, భుజాన తువ్వాల వేసుకొని వచ్చాడు. "ఒక్క మాట బావా. నా గురించి ఏం రాయకు. మంచిగ గూడ రాయకు" అన్నాడు.

నేను సరేనన్నాను. కానీ అతని పేరు చెప్పకుండా ఆ తప్పు దిద్దడం ఎలాగో నాకు తెలియలేదు.

మధ్యాహ్నం రెండింటి బస్సుకు పెద్దకొత్తపల్లి మీదుగా నాగర్‌కర్నూల్, అక్కడ చాయ్ తాగి అచ్చంపేట. చేరేసరికి దీపాలు పెట్టారు. బస్టాండు ఎదురుగా లాడ్జిలో రెండు మంచాల గది దొరికింది. జాతర రోజులు కనుక మామూలు కంటే కొంచెం ఎక్కువే తీసుకున్నారు. ఫ్యాను తిరిగింది, నీళ్లు వచ్చాయి, అంతకంటే అడగకూడదు.

తెల్లవారి మొదటి బస్సుకు మన్ననూరు. అడవి అక్కడే మొదలవుతుంది. మన్ననూరు దాటి బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే గాలి మారింది. మా పాలమూరు గాలికి ఎండాకాలంలో సున్నం వాసన ఉంటుంది. ఇక్కడ ఆకుల వాసన, ఇప్పపూల తీపి వాసన. ఫరహాబాద్ గేటు దగ్గర దిగాం. అక్కణ్ణుంచి లోపలికి జాతర రోజుల్లో ట్రాక్టర్లు, జీపులు నడుస్తాయి. మేం ఒక ట్రాక్టరు తొట్టిలో నిలబడ్డాం. దారి అంటే బండలూ మట్టీ. నిలబడ్డవాళ్లు పట్టుకోవడానికి పక్కవాళ్ల భుజాలే దిక్కు.

"డ్రైవరన్నా, జర మెల్లగ. కడుపుల జొన్నరొట్టె జాతర చేస్తుంది!" అని ఒక ముసలమ్మ అరిచింది.

"అవ్వా, మెల్లగ పోతె పులి ఎక్కుతది ట్రాక్టర్" అన్నాడు డ్రైవరు.

"ఎక్కనియ్యి, టికెట్ తీసుకో."

ఆ నవ్వుల మధ్య ట్రాక్టరు ఒక మలుపు తిరిగి ఆగింది. ముందు దారికి అడ్డంగా చుక్కల దుప్పుల మంద పోతోంది. ఆకుల సందుల్లోంచి పడే వెలుగు మచ్చలూ, వాటి ఒంటి చుక్కలూ కలిసిపోయి, ఎక్కడ ఎండ ఆగి ఎక్కడ జింక మొదలైందో తెలియలేదు. తొట్టిలో ముప్పై మందిమి ఉన్నాం. అందరి మెడలూ అటే చాచి ఉన్నాయి. చివరి పిల్ల దాటి పొదలోకి పోయాక ముసలమ్మ మెల్లగా చేతులు జోడించింది. అవతల చెట్టు మీద కుక్కపిల్లంత ఉడత, ఎర్రగోధుమ రంగు వీపు, తనకంటే పొడుగు తోక, ఒక కొమ్మ మీంచి ఇంకో చెట్టుకు గాల్లోనే దాటింది. బెట్లు ఉడత అని నర్సింలు చెప్పాడు. మూడేళ్ల కిందట ఇదే దారిలో వచ్చాను. అప్పుడు నాకు ఇవేవీ కనిపించలేదు. అప్పటి నా వ్యాసంలో జింక అన్న మాటే లేదు.

రాంపురం పెంట దగ్గర నిజాం కాలపు వేట బంగళా శిథిలంగా నిలబడి ఉంది. గోడలను చెట్ల వేళ్లు కౌగిలించుకున్నాయి. ఖాజా మియా అప్పటికే గాజులు పరిచేశాడు. పెంట అంటే చెంచుల ఊరు. నాలుగైదు గుండ్రటి గుడిసెలు, చుట్టూ చదును చేసిన నేల. పక్కన యాత్రికులు వంటలు చేసుకుంటున్నారు. ఖాజా మియాకు తెలిసిన చెంచు గురువయ్య ఇంటి ముందర ఆ సాయంత్రం మేం దుప్పట్లు పరచుకున్నాం. గురువయ్య భార్య ఈదమ్మ, ఆమె తమ్ముడు బయన్న అడవి తీగతో పేనిన పొడవాటి నిచ్చెన తాడును నేల మీద చాచి, ఒక్కో ముడినీ తొక్కి చూస్తున్నారు.

"ఇదేంది?" అని అడిగాను.

"పొద్దుగాల తేనె కొడ్తరు" అంది ఈదమ్మ. "ఈ జాతర మోత ఇననంత దూరం ఉంది ఆ కొండ. జూడాల్నంటె రాండ్రి. మాట్లాడొద్దు, బీడి తాగొద్దు."

చల్లటి వేకువలో మేం వాళ్ల వెనకే నడిచాం. అడవిలో వెలుగు పైనుంచి రాదు, చెట్ల మొదళ్ల మధ్యనుంచి వస్తుంది. కొండ అంచుకు చేరి, వాళ్లు చెప్పిన చోట, పక్కకు విరిగిన ఒక బండ మీద పడుకొని చూశాం. ఎదురుగా కొండ గోడలా దిగిపోయింది. కిందకు చూస్తే చెట్ల తలలు పచ్చి శనగ చేనులా కనిపించాయి. ఆ గోడకు, పై అంచుకు ఒక తాటిచెట్టంత కింద, తేనెపట్లు వేలాడుతున్నాయి. ఒక్కోటి ఎడ్లబండి చక్రంలో సగమంత. నల్లగా ఉన్నాయనుకున్నాను. అది నలుపు కాదు, తేనెటీగలు. ఒక గద్ద అటుగా ఎగిరితే పట్టు మొత్తం ఒక్కసారి వెండిలా మెరిసి, ఆ మెరుపు అల లాగా ఒక కొస నుంచి ఇంకో కొసకు పారింది. గద్దను బెదిరించడానికి వేల ఈగలు ఒకదాని వెనక ఒకటి నడుము ఎత్తుతాయట. గాలికి వరిచేను ఊగినట్టు ఉంది, కానీ గాలి లేదు. అలాంటి దాన్ని నేను ఈ కళ్లతో చూస్తానని అనుకోలేదు.

గురువయ్య ఆకుల కట్టకు నిప్పంటించి పొగ పట్టి, నడుముకు డొప్ప కట్టుకొని, ఆ తీగ నిచ్చెన మీద గోడ దిగాడు. పై కొసను ఒక చెట్టు మొదలుకు చుట్టి, చుట్టిన చోట బయన్న కూర్చున్నాడు. కాళ్లు బండకు తన్నిపెట్టి, రెండు చేతుల్లో తాడు. అక్కడ గురువయ్య సొంత అన్న కూడా ఉన్నాడు. ఆయన దూరంగా నిలబడి పొగాకు నలుపుతున్నాడు. తాడు వైపు రాలేదు.

పని అయి, గురువయ్య పైకొచ్చాక ఈదమ్మను అడిగాను, "అంత బలంగ ఉండు గద వాళ్లన్న, ఆయనెందుకు పట్టడు?"

ఆమె నన్ను తిక్కవాణ్ణి చూసినట్టు చూసింది. "అన్నదమ్ముల చేతికి తాడియ్యరు. పెండ్లాం తమ్ముడే పట్టాలె. అన్నకు తమ్మునితోని భాగముంటది, పగుంటది. బామ్మర్దికి ఏముంటది? అక్క బొట్టు పోతదని ఆడు పానం పోయినా ఇడువడు."

నర్సింలు తల వంచుకొని డొప్పలోని తేనె నాకుతున్నాడు. నేను అతని వైపు చూడలేదు. అతనూ చూడలేదు.

పెంటకు తిరిగొచ్చి గంజి తాగి ఎనిమిదింటికి సలేశ్వరం దారి పట్టాం. కొంత దూరం వెదురు పొదల మధ్య చదును. తర్వాత దిగుడు మొదలవుతుంది. ఒక కొండ దిగి, పక్క కొండ అంచున నడిచి, మళ్లీ దిగాలి. వెళ్లే జనం "వస్తున్నం వస్తున్నం లింగమయ్యో" అని, తిరిగొచ్చే జనం "పోతున్నం పోతున్నం లింగమయ్యో" అని అరుస్తూ నడుస్తారు. లోయ ఆ కేకను తీసుకొని, కాసేపు దాచుకొని, వేరే వైపునుంచి తిరిగి ఇస్తుంది. దారి ఇరుకైన చోట ఆ కేకే గుర్తు. ఎదురుగా ఎవరొస్తున్నదీ కనిపించకముందే తెలిసి, జనం బండకు ఒరిగి దారి ఇస్తారు.

బండ అంచు వచ్చింది.

మీలో వెళ్లదలచినవాళ్ల కోసం దాన్ని ఉన్నదున్నట్టు చెబుతాను. ఎడమ చేతి వైపు కొండ గోడ. అది నిటారుగా కూడా ఉండదు, మన మీదికి కొంచెం వాలి ఉంటుంది. కుడి వైపు ఏమీ లేదు. మధ్యలో బండ పలక, మనిషి వెడల్పుకు కొంచెం ఎక్కువ. ముసలివాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు కూడా దాటుతారు. దాటలేనిదేమీ కాదు. కానీ ఎత్తంటే గుండె జారేవాళ్లుంటారు, నేను వాళ్లలో ఒకణ్ణి. గోడకు వీపు ఆనించి మూడడుగులు వేశాను. కిందనుంచి చల్లటి గాలి పంచె లోపలికి కొట్టింది. అంతే, కాళ్లు నావి కాకుండా పోయాయి.

వెనక పడుచుపిల్లలు నిలబడిపోయారు. "పెద్దాయినా, అడుగెయ్యి! లింగమయ్య ముసలోడైతుండు నీ కోసం" అని ఒకతె అంది.

"నర్సింలూ, నాతోని కాదు" అన్నాను. 

నర్సింలు ముందుకు దాటి ఉన్నాడు. వెనక్కి వచ్చాడు. తువ్వాల విప్పి నా నడుముకు చుట్టి, రెండు కొసలూ తన పిడికిట్లో మెలిపెట్టాడు. ఆ తువ్వాల నా బరువు మోయదని నాకు తెలుసు, అతనికీ తెలుసు. నేను పడితే ఇద్దరం పోతాం.

"బావా, కిందికి చూడకు. నా ఎన్నుపూస చూడు. నేను కాలు తీసినంక నువ్వు తీయ్."

"ఇడుస్తవేమో."

"ఎట్ల ఇడుస్త? అక్క నన్ను బతకనిస్తదా?"

వెనక పిల్లలు ఫక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఒక అడుగు పడింది. అతని చెమట పట్టిన అంగీ, దాని మీద చింతపులుసు మరక, అవే చూస్తూ నడిచాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. కాళ్ల కింద మెత్తటి మట్టి తగిలినప్పుడు తల ఎత్తాను.

మూడేళ్ల కిందటి నా వ్యాసంలో జలపాతం 'హోరున దూకుతుంది' అని రాశాను. అది హోరున దూకదు. రెండు కొండలు ఆకాశాన్ని ఒక పంచె అంచంతకు కుదించి నిలబడ్డ చోట, ఆ అంచు మీంచి నీళ్లు మెల్లగా బయల్దేరతాయి. సగం దూరం దాకా తీగలా వస్తాయి. తర్వాత గాలి వాటిని విప్పుతుంది. విప్పిన నీళ్లు పొగై, పొగ మళ్లీ చినుకులై, చినుకులు గుండంలో పడతాయి. చప్పుడు వాన చప్పుడు, అంతకంటే పెద్దది కాదు. ఏప్రిల్ నెల. బయట బండలు పేలుతున్నాయి. ఇక్కడ పళ్లు కొట్టుకునేంత చలి. గోడల నిండా నాచు, రాతి పగుళ్లలోంచి జడల్లా వేలాడే వేళ్లు, ప్రతి వేరు కొసనా ఒక నీటిబొట్టు. పైన ఎక్కడో తేనెపట్లు. ఆ సన్నని ఆకాశంలో పిట్టలు అటూ ఇటూ గీతలు గీస్తున్నాయి. సరిగ్గా మేం నిలబడి ఉండగానే ఎండ లోయలోకి దిగింది. పైనుంచి కిందికి ఆ నీళ్లు మొత్తం వెలిగాయి. వందల మందిమి ఉన్నాం. కాసేపు కేకలు కూడా ఆగిపోయాయి.

నా పని నీళ్లను పైకి లాగే పని. ఎండాకాలమంతా నా దుకాణం ముందు రైతులు కూర్చుంటారు. బోరు రెండు నూర్ల అడుగులు పోయిందని ఒకరు, మూడు నూర్లు పోయినా దుమ్మే వచ్చిందని ఒకరు. నేను రాగి తీగ చుడుతూ వింటాను. ఆ నేల నుంచి వచ్చినవాణ్ణి, ఏ మోటారూ లేకుండా, ఎవరూ అడగకుండా, కొండ తన కడుపులోంచి తీసి ఇస్తున్న నీళ్ల కింద నిలబడ్డాను. ఏం చేయాలో తెలియలేదు. తల వంచాను. ఆ నీళ్లు నెత్తిన పడితే సూదులు గుచ్చినట్టయింది. కళ్లల్లోంచి వస్తున్నవి ఏవో, పైనుంచి పడుతున్నవి ఏవో ఎవరికీ తెలియదు, అది నాకు మంచిదైంది.

గుహ గుండానికి పైన ఉంది. రాళ్ల మెట్లెక్కి, వంగి లోపలికి పోవాలి. లోపల నాలుగడుగుల తర్వాత బయటి చప్పుడు తెగిపోతుంది. రాతి పైకప్పు చేతికి అందేంత ఎత్తు, తాకితే జంతువు వీపులా తడిగా, చల్లగా ఉంది. నూనె దీపం వెలుగులో లింగమయ్య. చెంచు పూజారి విభూతి బొట్టు పెట్టి, "ఎన్నోసారి?" అని అడిగాడు. "మొదటిసారి" అన్నాను. ఇరుకులో నా వెనక ఉన్న నర్సింలు ఊపిరి వదలడం విన్నాను. "నాది గూడ" అన్నాడు.  ఎన్ని వేల ఏళ్ల చీకటి అది! ఆ రెండు మాటలూ అందులోనే ఉండిపోయినట్టనిపించింది.

తిరుగు దారిలో అంచు మళ్లీ వచ్చింది. మళ్లీ తువ్వాల కట్టాడు. భయం పోలేదు, అది కూడా రాయాలి. సాయంత్రానికి పెంట చేరి, జీపులో గేటు దాకా, అక్కణ్ణుంచి ఆఖరి బస్సుకు అచ్చంపేట. తెల్లవారి నాగర్‌కర్నూల్ మీదుగా పదింటికి కోడేరులో దిగాం.

చాయ్ హోటల్ ముందు బల్లల మీద నలుగురైదుగురు ఉన్నారు. నర్సింలును చూడగానే ఒకాయన "రా రా సగం సలేశ్వరం! ఈపారి ఎంత దూరం పోయినవ్, ముక్కాలా?" అన్నాడు.

నేను చాయ్ గ్లాసు పక్కన పెట్టి, నిలబడి చెప్పాను. అప్పుడు భయపడింది నేను, ఇతను కాదు. నేను రాసింది అబద్ధం. నిన్న కూడా ఇతను తువ్వాలతో కట్టి దాటిస్తేనే దాటాను.

బల్లల మీదివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ ఒక్కసారిగా నవ్వారు.

"మంచిగున్నది తియ్ సారూ! బామ్మర్దిని గెలిపియ్యనీకి గద్వాల నుంచి వస్తివా?" అన్నాడు ఒకాయన.

"అక్క పంపినట్టుంది. ఇంట్ల బువ్వ పెడ్తలేదేమో" అన్నాడు ఇంకొకాయన.

ఎంత చెప్పినా నమ్మలేదు. అచ్చులో ఉన్నది నిజం, నోటితో చెప్పింది మర్యాద. బావ కదా, ఇంటికొచ్చినప్పుడు బామ్మర్దిని మెచ్చుకుంటాడు, వాళ్లకు అందులో వింతేమీ లేదు. నేను మూడేళ్ల కిందట చేసిన పని ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది.

ఇంటికి పోయే సందులో నర్సింలు నా పక్కన నడిచాడు. కాసేపటికి, "రాయి బావా. నోటితోని అయ్యేటట్టు లేదు" అన్నాడు.

"నీ పేరు?"

"పేరు గూడ రాయి. గని ఉన్నదున్నట్టు రాయాలె. అప్పుడు ఆ బండ కాడ నాక్కూడ భయమైంది. నువ్వు కూసున్నంక, తిరిగిపోదామంటివి చూడు, నాకు పానం కుదుటవడ్డది. నీ కోసం దర్శనం ఇడిసిన్నని రాసేవు. గది గూడ అబద్ధమే."

"మూడేండ్లు నాకెందుకు చెప్పలే?"

"నువ్వు నాకు చెప్పినవా?"

మాణెమ్మ గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసి, "సగం నిండిందా?" అని అడిగింది. అతను తల ఊపాడు. అన్నం తిని మధ్యాహ్నం బస్సెక్కాను.

వనపర్తిలో మారి, ఆత్మకూరు దాటాక, నా ముందు సీట్లో ఒక కుర్ర జంట. నా నుదుటి విభూతి చూసి ఆ అబ్బాయి వెనక్కి తిరిగాడు. "సలేశ్వరమా సార్? మేం వచ్చే యేడు పోదామనుకుంటున్నం. మంచిగుంటదా?"

ఇదివరకైతే జలపాతంతో మొదలుపెట్టేవాణ్ణి. ఇప్పుడు జలపాతం గురించి చెప్పడానికి మాటలు లేవు. ఆ నీళ్లు, ఆ వెలుగు, ఈగల మీద పారిన ఆ మెరుపు, అన్నీ నాలో ఇంకా ఊగుతున్నాయి. వాటిని బస్సులో చేతికిచ్చేదెలా?

"దానికి ముందల ఒక బండ అంచు ఉంటది" అన్నాను. "ఆడ నేనూ మా బామ్మర్దీ ఇద్దరం భయపడ్డం. మీరు గూడ భయపడ్తరు. ఒకళ్లనొకళ్లు పట్టుకొని దాటున్రి. అవతల ఉన్నది నేను చెప్తె తెల్వదు."

ఆ అమ్మాయి నవ్వి అతని చెయ్యి పట్టుకుంది. బస్సు జూరాల మీదికి ఎక్కింది.